మూడో తీగ

మా ఇంట్లో వంటగదికీ ముందుగదికీ మధ్య తలుపు లేదు. పొయ్యి దగ్గర నిలబడి తల తిప్పితే ఎదురుగా గోడ, గోడకు మేకు, మేకుకు మా ఆయన గిటారు. ఆయన పోయాక నేను రోజుకొకసారైనా ఆ గోడవైపు తిరిగి "ఏమయ్యోవ్!" అని పిలిచేదాన్ని. ఇంట్లో ఎవరూ లేనప్పుడే. గిటారు బదులిచ్చేది. ఉన్న ఆరు తీగల్లో మూడోది సన్నగా మూలిగినట్టు మోగి ఆగిపోయేది. నాకు పిచ్చి అనుకునేవాళ్ళు అనుకోండి, కాకపోతే ముందు మొత్తం విని అప్పుడు అనుకోండి.

మా ఆయన పగలు మార్కాపురంలో మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ముహూర్తాల కాలం వస్తే పాటల పార్టీలో గిటారు వాయించడానికి కంభం, గిద్దలూరు, దర్శి తిరిగేవాడు. ఎవరో వాడి వదిలేసిన ఎర్ర గిటారు కొనుక్కొచ్చాడు. ఎరుపు బాగాలేదని, బండ్లకు రంగులు కొట్టే షెడ్డుకు తీసుకుపోయి నల్లగా కొట్టించాడు. "నల్లరంగేందయ్యా, దిష్టికి కడతావా?" అన్నాను. "స్టేజీ మీద లైట్లు పడితే ఎట్లుంటదో చూడు" అని మురిసిపోయాడు. ఆ మురిపెం చూస్తే నాకు ఒళ్ళు మండేది, నవ్వూ వచ్చేది.

అది చేతిలో ఉంటే ఆ మనిషికి లోకం పట్టేది కాదు. అన్నం పెట్టి పిలిస్తే పలకడు. రెండోసారి పిలిస్తే పలకడు. మూడోసారి నా కేక వీధి చివరిదాకా పోయేది. ఒకరోజు అట్లాగే అరిస్తే, పలక్కుండా నా మొహంలోకి చూసి, "నువ్వు ఎప్పుడు పిలిచినా కేక ఒకే స్వరంలో ఉంటాది, తెలుసునా?" అన్నాడు. నన్ను మళ్ళీ మళ్ళీ పిలవమని, మూడో తీగ మరను కొంచెం కొంచెం తిప్పుతూ కూర్చున్నాడు. ఒకచోట నేను పిలవగానే, ఎవరూ తాకకుండానే, ఆ తీగ మోగింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆయన పడీపడీ నవ్వాడు.

"ఇంక నేను పలకాల్సిన పన్లేదు. నా బదులు ఇది పలుకుతాది."

"నీకేం పోయేకాలమయ్యా" అన్నాను. మామూలుగా అందరం అనే మాటే. ఇప్పుడు ఎవరినైనా అందామన్నా నోరు రాదు.

అప్పటినుంచి ఆయనకు అదొక అలవాటైంది. కచేరీకి పోయేటప్పుడు తీగను సరైన శ్రుతికి బిగించుకునేవాడు. తిరిగొచ్చాక దాన్ని నా కేకకు దించి మేకుకు తగిలించేవాడు. కాళ్ళు కడుక్కోవడం కూడా ఆ తర్వాతే.

ఆయన గిద్దలూరు స్టేషన్లో పోయాడు. పెళ్ళిలో వాయించి, తెల్లవారి రైలు కోసం బెంచీ మీద గిటారు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు. పార్టీవాళ్ళు ఆయన్నూ తెచ్చారు, గిటారునూ తెచ్చారు. గిటారుకు ఒక్క గీత కూడా పడలేదు. దాన్ని చూస్తే నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఎత్తి రోటికేసి కొడదామనుకున్నాను. మా తమ్ముడు నా చేతిలోంచి లాక్కుని పాత మేకుకే తగిలించాడు.

కర్మలన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం అన్నం వార్చి, ఏ ఆలోచనా లేకుండా, నోటి అలవాటుగా "ఏమయ్యోవ్, అన్నం!" అన్నాను. అనేసి నాలుక కరుచుకున్నాను. అప్పుడు తీగ మోగింది.

గంటె చేతిలోంచి జారింది. భయం పోయాక మెల్లగా తట్టింది. కచేరీలో ఆ తీగ బిగించి ఉండాలి. ఇంటికొచ్చాక కదా దించేది? ఆయన ఇంటికి రాలేదు కదా? అంటే నా కేకను మనసులో పెట్టుకుని స్టేషన్లోనే దించాడు. బెంచీ మీద కూర్చుని, రైలు కోసం చూస్తూ, ఇంటికొస్తున్నానని ముందే దించి పెట్టుకున్నాడు. ఆయన ఆఖరుగా చేసిన పని అదే అయి ఉంటుంది. కింద కూలబడి ఏడ్చాను. స్టేషన్ నుంచి తెచ్చినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

అట్లా ఏళ్ళు గడిచాయి. తీగ తుప్పుపట్టి కొంచెం కొంచెంగా సడలింది. నాకు తెలియకుండానే నా పిలుపూ దానితోపాటు కిందికి దిగింది. మొదట్లో కేకలా ఉన్నది చివరికి పిల్లను జోకొడుతున్నట్టు అయింది. పక్కింట్లో బట్టలు కుట్టే ఆమె, ముస్లిముల ఆడపడుచు, నన్ను వదినా అంటుంది. ఒకసారి గోడ మీదుగా తొంగిచూసి, "ఎవుర్ని పిలుస్తుండావు వదినా?" అంది.

"పిల్లిని."

"యా అల్లా! పిల్లిని ఏమయ్యో అని పిలుస్తారా ఎవురైనా?"

"మగపిల్లిలే" అన్నాను. ఆమె నావైపు ఒక్క క్షణం చూసి, ఇంకేమీ అడక్కుండా మిషన్ దగ్గరికి పోయింది. ఆమెకు తెలుసేమో అని నాకు అనుమానం.

ఆయన పోయేనాటికి మా పాప ఇంకా ఆయన భుజం మీద నిద్రపోయే వయసులో ఉంది. ఇప్పుడు ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. స్నేహితులతో కలిసి రిసెప్షన్లకూ పుట్టినరోజులకూ పాటలు వాయిస్తుంది. గిటారు నేర్పింది నేను కాదు, ఆయనా కాదు, ఫోన్ చూసి తనే నేర్చుకుంది. అరువు తెచ్చుకున్న గిటార్లతో నెట్టుకొస్తూ ఒక ఆదివారం గోడవైపు చూసి అననే అంది.

"మా, నాయన గిటారు నేను బాగుచేసుకుంటా."

"బాగలేదని ఎవురు చెప్పినారు?"

"తీగలు తుప్పుపట్టినాయి. రంగు పెచ్చులు లేస్తుండాది. ఆ రంగంతా తీసేసి, లోపలి చెక్క కనపడేటట్టు పాలిష్ పెడతా. కొత్త తీగలేస్తా."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. గోడకుండేది నీకేం అడ్డమొచ్చిందే?"

పాప పోట్లాడితే నేను గెలిచేదాన్నే. కానీ పోట్లాడలేదు. గిన్నెలు తుడుస్తూ మెల్లగా, "నాయన మొహం ఫొటోలో ఉంది మా. గొంతు ఎట్లుంటాదో నాకు గుర్తు లేదు. ఆ గిటారన్నా వాయించుకుంటా" అంది.

నా దగ్గరున్న ఒక్క మాట బయటపెట్టలేకపోయాను. మీ నాయన పలుకుతాడే, ఇదిగో విను అని పిల్ల ముందు పిలిచి, ఆ రోజు అది మోగకపోతే? లేదా మోగితే, పిల్ల నవ్వితే? నాది అనుకున్నది ఏదీ నాకు మిగలదు. తీగలు తీసేస్తే మళ్ళీ అది నాకు పలుకుతుందో లేదో. పోనీ వద్దంటే, బతికున్న పిల్లకు తండ్రిని లేకుండా చేసినట్టు. "సరేలే, నీ ఇష్టం" అన్నాను.

తీగలు కత్తిరించింది ఆయన కటింగ్ ప్లేయర్‌తోనే. ఒక్కొక్కటీ టంగున తెగి చుట్టుకుపోయింది. మూడోది తెగేటప్పుడు నేను పెరట్లోకి వెళ్ళి, ఆరని బట్టలు తీసుకొచ్చాను. పాప విరగబడి నవ్వింది. "ఇంకా నీళ్ళు కారుతుండాయి, ఏందిమా నీకేమైంది?" అంది.

మెడ విప్పి, తీగల కింది సామాను విప్పి, మొండెం ఒక్కటి వరండాలో పీట మీద పెట్టింది. నిజంగా మొండెంలాగే ఉంది. హార్డువేర్ దుకాణంలో తెచ్చిన రంగు తీసే మందు బ్రష్షుతో పూస్తే, నలుపు బుడగలు బుడగలుగా లేచింది. పుట్టీ గీకే రేకుతో గీకితే కింద ఎరుపు. ఆ ఎరుపు నేను మొదటిసారి చూసినప్పటిదే. ఆయన సంచిలోంచి తీసి "ఎట్లుంది?" అని గుమ్మంలో నిలబడ్డాడు, కొత్తచొక్కా వేసుకున్న బడిపిల్లాడు గుర్తొచ్చేటట్టు. నేను ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పాప ఆ ఎరుపు మీద కూడా మందు పూసేసింది. దాని కింద బూడిదరంగు లప్పం, ఆ కింద చెక్క. ఒకటే దిమ్మె అనుకున్నాం, మూడు ముక్కలు అతికించింది. "అందుకే రంగేసి దాచినారు, దొంగ నాయాళ్ళు" అన్నాను. పాపకు మాత్రం ఆ అతుకులు తెగ నచ్చాయి.

తర్వాత గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టింది. తెల్లటి పొడి లేచింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మార్కాపురంలో పలకల పని చేసిన ఇంట్లో పుట్టినవాళ్ళకు దుమ్మును చూస్తే ఒక భయం. మా నాయన పలకల ఫ్యాక్టరీలో చేసేవాడు. రాయిని నీళ్ళు చల్లి రుద్దేవాడు. నీళ్ళు లేకుండా రుద్దితే పొడి ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. తొందరలో పొడిగా రుద్దినవన్నీ ఆఖరికి ఆయన దగ్గులో తేలాయి. "ఏది రుద్దినా తడిపి రుద్దు తల్లీ" అనేవాడు, ఇత్తడిచెంబు తోముతున్నా సరే. నేను పాప మూతికి గుడ్డ కట్టాను. అయినా నాకు మనసు ఊరుకోలేదు. మర్నాడు అది స్కూలుకు పోగానే, దాని పని కొంత తగ్గిద్దామని, బకెట్టు నీళ్ళు తెచ్చి ఆ చెక్క మీద కుమ్మరించి, పలకను రుద్దినట్టు చక్కగా తడిపి రుద్దాను. దుమ్ము లేవలేదు. నాయన చూస్తే మెచ్చుకునేవాడు అనుకున్నాను.

కాసేపటికి అది ఎండలో కొంచెం ఆరింది. చెయ్యి పెట్టి చూద్దును కదా, పొద్దున అద్దంలా ఉన్నది ఇప్పుడు గరగరలాడుతోంది. నీళ్ళు తాగి చెక్క పోగులన్నీ నిక్కి నిలబడ్డాయి. పని చెడగొట్టానని అర్థమైంది. కానీ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను. ఆ గరుకు నాకు తెలుసు. కచేరీల కాలంలో గడ్డం గీసుకోకుండా ఇంటికొచ్చేవాడు. ఆయన చెంప అట్లాగే ఉండేది. ఎండకు వెచ్చగా ఉంది కూడా. వరండాలో పట్టపగలు, వీధిలో కూరగాయల బండి పోతుంటే, ఆ మొండెం మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను.

తడిసినందుకు ఇంకొకటి కూడా బయటపడింది. పై అంచున, వాయించేటప్పుడు ఆయన ముంజెయ్యి ఆనే చోట, రంగంతా ఎప్పుడో చెక్కదాకా అరిగిపోయి ఉండేది. ఎన్నో ఏళ్ళ చెమట అక్కడ చెక్కలోకి ఇంకింది. పొడిగా ఉన్నప్పుడు కనపడని మచ్చ, తడికి నల్లగా, చెయ్యంత పొడుగున తేలింది.

సాయంత్రం పాప వచ్చి చూసి సంచి కింద పడేసింది. "కొంప ముంచినావు గదమా! చెక్కమా ఇది! నీళ్ళు పోస్తారా ఎవురన్నా?"

"దుమ్ముకు నీ ఊపిరితిత్తులు పోతాయని పోసినానే."

"నీకూ మీ నాయనకూ ఒక దండం!"

అరిచి అరిచి నీడలో ఆరబెట్టింది. లేచిన పోగులను మెత్తని కాగితంతో తేలిగ్గా రుద్దితే చెక్క ముందుకంటే నున్నగా వచ్చింది. కొందరు కావాలనే తడిపి, పోగులు లేపి, అప్పుడు రుద్దుతారని ఫోన్లో చూసిందట. ఆ సంగతి నాకు చెప్పకుండా నన్ను ఏడిపించింది, దొంగపిల్ల.

మచ్చ మాత్రం ఆరినా లోపలికి పోలేదు. పాప గరుకు కాగితం మడిచి దానిమీద పెట్టింది. "ఇదొక్కటీ ఇంకా కొంచెం రుద్దితే పోతాది."

"అది మీ నాయన చెయ్యి" అన్నాను.

పాప అర్థంకానట్టు చూసింది. మొండేన్ని ఒళ్ళోకి తీసుకుని, వాయించేటప్పుడు పెట్టినట్టు తన ముంజెయ్యి ఆనించింది. మచ్చ దాని చేతికంటే వెడల్పుగా, రెండువైపులా కనపడుతోంది. అది చెయ్యి తీయలేదు. కాగితం ఎప్పుడు కింద పడిందో నేను చూడలేదు.

ఆయన పాత లుంగీ చించి, ఆ ముక్కతో లక్క పాలిష్ పెట్టాం. పూత మీద పూత పడేకొద్దీ చెక్క బెల్లం పాకం రంగుకు తిరిగింది. మచ్చ ఆ రంగులో ఒదిగి అట్లాగే ఉంది. మెడ బిగించి, కొత్త తీగలేసి, పాప వాయించి చూసుకుంది. బాగుంది, నేనెందుకు అబద్ధం చెప్పాలి? ఇల్లంతా వెలుతురు వచ్చినట్టుంది. తర్వాత దాన్ని పాత మేకుకే తగిలించింది.

మర్నాడు అది స్కూలుకు పోయేదాకా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. తలుపు గడియ పెట్టి, పొయ్యి దగ్గర నిలబడి, "ఏమయ్యోవ్" అన్నాను.

ఏమీ లేదు.

గొంతు ఇంకొంచెం కిందికి దించి పిలిచాను. పైకి పిలిచాను. దగ్గరికి పోయి తీగల మీద చెవి పెట్టి పిలిచాను. నా ఊపిరే నాకు వినపడింది. ఆ కొత్త తీగలు ఎవరో తెలియనివాళ్ళు చూసినట్టు చూశాయి. మర్నాడూ పిలిచాను, ఆ మర్నాడూ పిలిచాను. చచ్చిపోయాడు అని అప్పుడు అనుకున్నాను. స్టేషన్ నుంచి తెచ్చినరోజు కాదు, ఇదిగో ఇప్పుడు, చేతులారా పాలిష్ పెట్టి పంపించాను. వంట చేయబుద్ధి కాలేదు. పాప అడిగితే తలనొప్పి అన్నాను.

ఒకరోజు స్కూలు మధ్యాహ్నానికే వదిలేశారట. పెరటి తలుపు వేయడం మరిచాను. గోడ ముందు నిలబడి బతిమాలుతున్నట్టు పిలుస్తుంటే, వెనకనుంచి "ఎవుర్ని మా?" అని వినపడింది.

"పిల్లిని" అన్నాను. అనగానే ఏడుపు ముంచుకొచ్చింది.

అన్నీ చెప్పాను. మూడో తీగ, ఆయన నవ్వు, మేకు, గిద్దలూరు బెంచీ, ఇన్నేళ్ళ పిలుపులు. పాప నవ్వుతుందని భయపడ్డాను కదా, అది నవ్వలేదు. టీచరు గొంతుతో, "అది అనునాదం మా. పిల్లలకు నేనే చెప్తా. ఒకటి మోగితే, దాని జతది దానంతటదే మోగుతాది" అంది.

"నేను చెప్పిందీ అదే గదే" అన్నాను.

పాప గిటారు దించి మంచం మీద కూర్చుని, మూడో తీగ మర పట్టుకుంది. "పిలువు."

పిలిచాను. మర తిప్పింది. మళ్ళీ పిలిచాను. ఇంకొంచెం తిప్పింది. నాకు సిగ్గేసింది. కూతురు వింటుండగా ఆయన్ను పిలవడం అదే మొదలు. గొంతు వణికి ఒక్కోసారి ఒక్కోచోట పడుతోంది.

"ఇట్ల కాదు మా. భయపడతా పిలుస్తుండావు. నాయన ఉన్నప్పుడు ఎట్ల పిలిచేదానివి?"

ఉన్నప్పుడా? ఉన్నప్పుడు నేను ఎందుకు బతిమాలతాను! గిటారు పట్టుకుని పలక్కుండా కూర్చున్న ఆ మొండి మనిషి కళ్ళముందు కనపడ్డాడు. ఇన్నేళ్ళ కోపం ఒక్కసారి లేచింది. "ఏమయ్యోవ్! పలకవేందయ్యా? అన్నం చల్లారిపోతుండాది!" అని కప్పు ఎగిరేటట్టు అరిచాను. పక్కింట్లో కుట్టుమిషన్ ఆగింది. పాప మర తిప్పుతూనే ఉంది. "మళ్ళా!" అంది. "ఏమయ్యోవ్!" అన్నాను.

మోగింది.

ముందటి మూలుగులా కాదు. కొత్త తీగ కదా, నిండుగా మోగింది. పాప చెయ్యి చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకుంది. దాని చేతుల మీద రోమాలు లేచి ఉన్నాయి. కాసేపటికి పక్కింట్లో మిషన్ మళ్ళీ మొదలైంది.

ఇప్పుడు పాప ఫంక్షన్లకు ఆ గిటారే తీసుకుపోతుంది. అక్కడ తీగ బిగించుకుంటుంది. తిరిగొచ్చాక దించి, నన్ను ఒకసారి పిలవమని, సరిచూసి మేకుకు తగిలిస్తుంది. కాళ్ళు కడుక్కోవడం ఆ తర్వాతే. నేనేమీ నేర్పలేదు.

మొన్న ఒక సాయంత్రం కంభం నుంచి వచ్చి అట్లాగే దించింది. నేను పిలిచాను, మోగింది. నేను పొయ్యి వెలిగించుకున్నాను. తగిలించేసింది అనుకున్నాను. ముందుగదిలో దీపం వేయలేదు. మర తిప్పుతున్న కిర్రుమనే చప్పుడు వినపడింది. ఆ తర్వాత చాలా మెల్లగా, నేను వినకూడదన్నట్టు, "నాయనా" అంది.

మర తిరిగింది. "నాయనా." మళ్ళీ తిరిగింది. "నాయనా."

తనకోసం ఇంకో తీగను వెతుక్కుంటోంది. నేను తల తిప్పితే కనపడుతుంది. తిప్పలేదు. పప్పు గిన్నెలో గంటె కదపకుండా పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు పిలిచింది. ఉన్నట్టుండి పిలవడం ఆపేసింది. తీగ మోగిందో లేదో, పప్పు ఉడుకుతున్న చప్పుడులో నాకు వినపడలేదు.

తర్వాత వంటింట్లోకి వచ్చి, కళ్ళు తుడుచుకోకుండానే, "ఏం కూర చేసినావు మా?" అంది.

"గోంగూర పప్పు" అన్నాను. కంచాలు తీశాను.